పిల్లల బరువులో ఇంటి వాటా ఎంత?

చంటిబిడ్డను చూడవచ్చిన చుట్టాలు సాధారణంగా అనే మాటలు రెండు. ఒకటి, "అయ్యో, పిల్లవాడు ఇలా చిక్కిపోయాడేమిటమ్మా?" అని. రెండోది, "ముద్దుగా బొద్దుగా ఉన్నాడు, సాయంత్రం దిష్టి తీయండి" అని. మొదటి మాట విన్న తల్లి బలం టానిక్కు కోసం మందుల షాపుకు పరుగెడుతుంది. రెండో మాట విన్న తల్లి మురిసిపోయి మరో రెండు ముద్దలు ఎక్కువ పెడుతుంది. ఆ బొద్దుపాపకే పన్నెండేళ్ళు వచ్చేసరికి అదే చుట్టాలు, "ఇంత లావైపోయిందేమిటి? కాస్త తిండి తగ్గించండి" అని సలహా చెప్పి వెళతారు.

పిల్లల బరువు గురించి మన ఇళ్ళలో జరిగినంత చర్చ మరి దేని గురించీ జరగదు. కాని ఆ చర్చంతా బిడ్డ చుట్టూనే తిరుగుతుంది. "వీడు తినడు", "ఇది తిండిపోతు", "వాడి ఒళ్ళే అంత". ప్రభుత్వ ఆసుపత్రుల్లో పాతికేళ్ళకు పైగా పిల్లలను తూచి చూస్తున్న వైద్యుడిగా నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. బరువు తక్కువైనా, ఎక్కువైనా అందులో బిడ్డ చేతిలో ఉన్నది బహు స్వల్పం. ఇంటి రాబడి, తల్లి చదువు, తాగే నీరు, వండి పెట్టేవారికి దొరికే తీరిక, ఆడుకోవడానికి ఉన్న చోటు, ఇంట్లో ఉన్న ప్రశాంతత, ఇవన్నీ బిడ్డతో పాటు తక్కెడలో కూర్చుంటాయి. కాబట్టి చికిత్స జరగవలసింది కూడా ఇంటికే.

ముందు బరువు సంగతి తెలుసుకుందాం

నెలలు నిండి పుట్టిన బిడ్డ సుమారు మూడు కిలోలుంటాడు. అయిదు నెలలకు ఆ బరువు రెట్టింపు, ఏడాదికి మూడు రెట్లు, రెండేళ్ళకు నాలుగు రెట్లు కావాలి. ఆ తరువాత ఆరేళ్ళ వరకు ఒక సులువైన లెక్క ఉంది. బిడ్డ వయసును రెండుతో గుణించి ఎనిమిది కలపండి. మూడేళ్ళ పిల్లవాడికి 14 కిలోలు, అయిదేళ్ళ పిల్లకు 18 కిలోలు. ఇది సుమారు లెక్కేగాని శాసనం కాదు. ఒక కిలో అటూయిటూ ఉన్నంత మాత్రాన కంగారు పడనక్కరలేదు.

పుట్టినప్పుడు 50 సెంటీమీటర్లుండే బిడ్డ ఏడాదికి 75, నాలుగేళ్ళకు మీటరు పొడవుండాలి. ఆ తరువాత యుక్తవయసు వచ్చేవరకు ఏటా అయిదారు సెంటీమీటర్లు పెరుగుతాడు. ఎత్తు చూడకుండా బరువు ఒక్కటే చూడటం సగం లెక్కే. అయిదేళ్ళు దాటినవారికి ఎత్తు, బరువు రెండూ కలిపి చూసే పట్టికలున్నాయి. భారతీయ బాలవైద్యుల సంఘం 2015లో మన పిల్లల కోసం తయారుచేసిన ఆ పట్టికలు ఏ పిల్లల డాక్టరు వద్దనైనా ఉంటాయి. ఇంట్లో చూసుకోవడానికి ఒక దారపు పోగు చాలు. పిల్లవాడి ఎత్తు కొలిచి దారాన్ని సగానికి మడవండి. ఆ సగం దారం బొడ్డు దగ్గర నడుము చుట్టూ రాకపోతే కొవ్వు పేరుకుంటున్నదని అనుమానించాలి. ఈ పరీక్ష ఆరేళ్ళు దాటిన పిల్లలకే సుమా!

ఇక ఆరు నెలలు మొదలు అయిదేళ్ళలోపు పిల్లల చేతి చుట్టుకొలత కొలిచే టేపు మీ వీధి అంగన్‌వాడీలో ఉంటుంది. భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యన కొలుస్తారు. పన్నెండున్నర సెంటీమీటర్లకు పైన ఉంటే ఆకుపచ్చ, క్షేమం. పదకొండున్నర కంటే తక్కువైతే ఎరుపు, ఆ బిడ్డను అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

అన్నిటికంటే ముఖ్యం ఒకనాటి అంకె కాదు, నెలనెలా సాగే గీత. సన్నగా ఉన్నా తన గీత మీద తాను పైకి పోతూ, చురుకుగా ఆడుకునే బిడ్డ ఆరోగ్యవంతుడే. నిన్నటిదాకా బాగున్న బిడ్డ గీత మూడు నెలలుగా అడ్డంగా సాగుతుంటే మాత్రం చూడటానికి ఎంత బాగున్నా కారణం వెతకాలి.

చిక్కిన బిడ్డ ఇంటికి వెళ్ళి చూస్తే

భవన నిర్మాణంలో కూలిపని చేసుకునే ఒక తల్లి ఏడాదిన్నర ఆడపిల్లను తీసుకువచ్చింది. పిల్ల బరువు ఆరు కిలోల ఎనిమిది వందల గ్రాములు. "ఏం పెట్టినా ఒంటబట్టడం లేదు డాక్టరుగారూ, మంచి మందు రాయండి" అన్నది. ఆరా తీస్తే, తల్లి ఉదయం ఏడింటికి పనిలోకి పోయి సాయంత్రం ఆరింటికి వస్తుంది. అంతసేపూ పిల్లను చూసేది ఎనిమిదేళ్ళ అక్క. ఆ అక్క చెల్లెలికి పెట్టేది టీలో ముంచిన బన్ను. నీళ్ళు డ్రమ్ములోవి. నెలకు రెండుసార్లు విరేచనాలు.

ఈ బిడ్డకు ఏ మందు రాయాలి? తిన్నది ఒంటబట్టకపోవడానికి కారణం పేగుల్లో లేదు, రోజు గడిచే తీరులో ఉంది. విరేచనాలు పట్టుకున్న ప్రతిసారీ బిడ్డ కొంత బరువు కోల్పోతుంది. అది తిరిగి వచ్చేలోగా మళ్ళీ విరేచనాలు. పైగా ఆ ఇంట్లో నష్టపోయింది చిన్నపిల్ల ఒక్కతే కాదు. బడి మానేసిన అక్క కూడా. తక్కెడ ఆ నష్టాన్ని చూపించదు.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్ళలోపు పిల్లల్లో వయసుకు తగిన ఎత్తు లేక గిడసబారినవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 31 మంది, తెలంగాణలో 33 మంది. దేశం మొత్తం మీద అత్యంత పేద కుటుంబాల్లో ఇది నూటికి 46, బాగా కలిగిన కుటుంబాల్లో 23. పేదరికం ఎత్తును ఎలా హరిస్తుందో ఈ లెక్కే చెబుతుంది. కాని రెండో అంకెను కూడా గమనించండి. కలిగినవారి ఇళ్ళలో కూడా నూటికి 23 మంది! అంటే డబ్బు ఒక్కటే బిడ్డను పెంచదు. ఆరు నెలలు నిండగానే పైతిండి మొదలుపెట్టడం, అందులో పప్పూ, గుడ్డూ, నూనే ఉండటం, చేతులు కడుక్కోవడం, తల్లి చిన్న వయసులోనే గర్భవతి కాకపోవడం, ఇవన్నీ తెలిసి చేయవలసిన పనులు. తల్లి చదువు పెరిగినకొద్దీ గిడసబారిన పిల్లల సంఖ్య తగ్గుతూ వస్తుందని ప్రతి సర్వేలోనూ కనబడుతూనే ఉంది. ఆడపిల్లను పదో తరగతితో మాన్పించకుండా చదివించిన తండ్రి తెలియకుండానే మనవడి ఎత్తు పెంచుతున్నాడన్న మాట.

వంశమా? వసతా?

"మా వంశంలో అందరమూ పొట్టే" అని సరిపెట్టుకునేవారు చాలామంది. వంశానికి పాత్ర లేదని కాదు. కాని దానికి మనం ఇచ్చినంత పెద్ద పీట అక్కరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997 నుంచి 2003 వరకు ఆరు దేశాల్లో, బ్రెజిల్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా, మన దేశంలోని దక్షిణ ఢిల్లీలో, మంచి వసతులున్న ఇళ్ళలో తల్లిపాలు తాగి పెరిగిన పిల్లలను కొలిచింది. అయిదేళ్ళలోపు పెరుగుదలలో ఢిల్లీ పిల్లవాడికీ నార్వే పిల్లవాడికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2006లో వెలువడిన పెరుగుదల పట్టికలకు ఆధారం అదే. సరైన తిండి, శుభ్రమైన నీరు, రోగాలు లేని బాల్యం ఉంటే తొలి అయిదేళ్ళు మన బిడ్డ ఎవరికీ తీసిపోడు.

మన ఊళ్ళ ఉదాహరణే ఒకటి చెబుతాను. 1987-90 మధ్య హైదరాబాదు పరిసరాల్లోని గ్రామాల్లో కొన్నింట గర్భిణులకూ, ఆరేళ్ళలోపు పిల్లలకూ మొక్కజొన్న, సోయా కలిపిన ఉప్మా రోజూ పెట్టారు. కొన్ని గ్రామాలకు అప్పటికి ఆ పథకం రాలేదు. ఆ పిల్లలు 13-18 ఏళ్ళ వయసుకు వచ్చాక 29 గ్రామాల్లో 1,165 మందిని పరీక్షించారు. ఉప్మా అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. అంతకంటే విశేషం, వారి రక్తనాళాలు మెత్తగా, సాగే గుణంతో ఉన్నాయి. వారి ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తున్నది. ఈ ఫలితాలు 2008లో ప్రచురితమయ్యాయి. తల్లి కడుపులో ఉన్నప్పుడూ, చిన్నతనంలోనూ దొరికిన ఒక కప్పు ఉప్మా మేలు, మీసాలు వచ్చే వయసులో కూడా కనబడిందన్న మాట.

ఇంకొక సంగతి. 2002లో మన రాష్ట్రంలో తీవ్రమైన కరవు వచ్చింది. 2003 జనవరి నుంచి ప్రభుత్వ బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం పెట్టడం మొదలైంది. 2002 నుంచి మన పిల్లలను ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో, కరవువల్ల చిన్నతనంలో బరువు, ఎత్తు కోల్పోయిన పిల్లలు బడి భోజనంతో దాన్ని చాలావరకు పూడ్చుకున్నారని తేలింది. కనుక "ఇక వీడింతే" అని చేతులు దులుపుకోవద్దు. తొలి వెయ్యి రోజులు ముఖ్యమే, కాని ఆ తరువాత తలుపులు మూసుకుపోవు.

లావైన బిడ్డ ఇంటికి వెళ్ళి చూస్తే

ఇక రెండో పక్షం. మూడో అంతస్తులో ఫ్లాటు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. పదకొండేళ్ళ కుర్రవాడు నాలుగున్నరకు బడి నుంచి వచ్చి పక్కింట్లో తాళం తీసుకుంటాడు. బల్ల మీద చిప్స్ పొట్లం, ఫ్రిజ్‌లో కూల్‌డ్రింకు. కిందికి వెళ్ళి ఆడుకుందామంటే సెల్లారు నిండా కార్లు, బయట రోడ్డు. ఆరింటికి ట్యూషను. ఎనిమిదిన్నరకు అందరూ కలిసేసరికి వండే ఓపిక ఎవరికీ ఉండదు. ఫోనులో బిరియానీ తెప్పిస్తారు. పదకొండింటి దాకా హోంవర్కు, ఆపైన ఫోను. ఆ కుర్రవాడి ఎత్తు 142 సెంటీమీటర్లు, బరువు 58 కిలోలు.

అతడు తిండిపోతా? కాదు. ఆ దినచర్యలో ఏ పిల్లవాడిని పెట్టినా అంతే అవుతాడు. మామూలు శీతల పానీయం పావులీటరులో సుమారు ఆరు చెంచాల చక్కెర ఉంటుంది. నిద్ర తగ్గితే ఆకలి పుట్టించే హార్మోనులు పెరుగుతాయి. ఆట లేకపోతే తిన్నది కరగదు.

మన దేశంలో ఊబకాయం ఇప్పటికీ కలిగిన ఇళ్ళలో, పట్టణాల్లో ఎక్కువ. సంపన్న దేశాల్లో ఇది తలకిందులు. ఇంగ్లండులో 2005-06 నుంచి బడిపిల్లలను ఏటా తూచి చూస్తున్నారు. అక్కడ బాగా వెనుకబడిన ప్రాంతాల పిల్లల్లో ఊబకాయం, కలిగిన ప్రాంతాలతో పోలిస్తే రెట్టింపు పైమాటే. కారణం తేలిక. అక్కడ నూనె, చక్కెర దట్టించిన ప్యాకెట్ తిండి చవక, తాజా కూర, పండు ఖరీదు. మనమూ ఆ దారినే పోతున్నాం. అయిదు రూపాయల పొట్లం ఇవాళ ప్రతి పల్లెలో కిరాణా కొట్టు ముందు వేలాడుతున్నది. అదే అయిదు రూపాయలకు ఒక్క ఆపిల్ ముక్క రాదు. బడి వయసు పిల్లల్లో తక్కువ బరువున్నవారి కంటే ఊబకాయం ఉన్నవారే ప్రపంచం మొత్తం మీద ఎక్కువయ్యారని యూనిసెఫ్ 2025లో ప్రకటించింది. మన దక్షిణాసియా ఇంకా ఆ గీత దాటలేదు. దాటకుండా చూసుకోవడానికి మనకు ఇంకా వ్యవధి ఉంది.

ఒకే ఇంట్లో రెండూ

ఒకే గడప లోపల రెండు రకాలూ ఉండటం ఈ మధ్య తరచుగా చూస్తున్నాం. తల్లి 78 కిలోలు, రక్తపోటు. ఒళ్ళో బిడ్డ ఎండు పుల్ల. "అమ్మ అంతా తానే తిని బిడ్డకు పెట్టడం లేదు" అని వార్డులో వెనుక చెప్పుకుని నవ్వుతారు. అది అన్యాయం. ఆ ఇంట్లో అందరూ తినేది తెల్లటి అన్నం, నీళ్ళచారు, బంగాళాదుంప వేపుడు. పెద్దవారికి అందులో కేలరీలు ఎక్కువై కొవ్వు పడుతుంది. పెరిగే బిడ్డకు అందులో మాంసకృత్తులు, ఇనుము, కాల్షియం చాలక చిక్కిపోతుంది. ఒకే కుండ రెండు జబ్బులు వండుతున్నది. పైన చెప్పిన 2019-21 సర్వేలో అధిక బరువున్న మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36, తెలంగాణలో 30 మంది. గిడసబారిన పిల్లల సంఖ్య కూడా ఇంచుమించు అంతే!

ఈ రెండింటికీ ఇంకొక బంధం ఉంది. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ బృందం 1990లలో అక్కడి గ్రామాల పసికందులను ఇంగ్లండులోని సౌతాంప్టన్ పసికందులతో పోల్చి చూసింది. మన బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, వారిది 3.5. కాని మన బిడ్డల్లో తగ్గింది ప్రధానంగా కండ. కొవ్వు అంతగా తగ్గలేదు. పైకి బక్కగా, లోపల కొవ్వుతో పుట్టిన ఇలాంటి బిడ్డలు తరువాత త్వరగా లావైతే మధుమేహం ముప్పు ఎక్కువ. 2016-18లో జరిగిన జాతీయ పోషకాహార సర్వేలో 5-19 ఏళ్ళ పిల్లల్లో సుమారు పదిమందిలో ఒకరికి చక్కెర వ్యాధి ముందుదశ కనబడటానికి ఇది ఒక కారణం. అంటే ఆడపిల్లగా ఉన్నప్పుడు తల్లికి చాలని తిండి, ముప్పై ఏళ్ళ తరువాత కొడుకు రక్తపరీక్షలో బయటపడవచ్చు. "ఆడపిల్లకు పాలెందుకు" అని గ్లాసు సగం చేసే ఇళ్ళు దీన్ని గుర్తుంచుకోవాలి.

మనసుకు తగిలే దెబ్బ

బరువు వల్ల వచ్చే జబ్బులను గురించి అందరూ మాట్లాడతారు. బిడ్డ మనసు గురించి మాట్లాడేవారు తక్కువ. పైన చెప్పిన కుర్రవాడిని తల్లిదండ్రులు నా వద్దకు తెచ్చింది బరువు కోసం కాదు, కడుపునొప్పి కోసం. సోమవారం, గురువారం ఉదయాలే వస్తుంది ఆ నొప్పి. స్కానింగులన్నీ అయ్యాయి. ఏమీ లేదు. ఆ రెండు రోజులూ బడిలో ఆటల పీరియడు. పరుగెడుతుంటే తోటివారు "డ్రమ్ము, డ్రమ్ము" అని చప్పట్లు కొడతారు. ఇంట్లో అత్తయ్య ముద్దుగా పెట్టిన పేరు కూడా "బండోడు". ఇక ఆ పిల్లవాడు ఎక్కడికి పోతాడు?

2003లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశీలనలో తీవ్రమైన ఊబకాయం ఉన్న పిల్లలను తమ బతుకు ఎలా ఉందో చెప్పమన్నారు. ఆట, చదువు, స్నేహాలు, మనసు, అన్నిటా వారి జవాబులు క్యాన్సరుకు మందులు వాడుతున్న పిల్లల జవాబులతో సమానంగా ఉన్నాయి. ఎగతాళి చేస్తే సిగ్గుపడి సన్నబడతారని చాలామంది అనుకుంటారు. జరిగేది అందుకు విరుద్ధం. ఎగతాళికి గురైన పిల్లలు ఆటలకు దూరమై, ఒంటరిగా గదిలో కూర్చుని, దిగులుతో మరింత తిని, ఇంకా లావవుతారు. ఆడపిల్లలైతే కొందరు అన్నం పూర్తిగా మానేసి మరో జబ్బు తెచ్చుకుంటారు.

చిక్కిన పిల్లల మనసూ అంతే. చిన్నతనంలో గిడసబారిన పిల్లలు తరువాత చదువులో, లెక్కల్లో వెనుకబడటం అనేక పరిశీలనల్లో కనబడింది. రక్తహీనత ఉన్న పిల్లవాడు చివరి బెంచీలో కునికిపాట్లు పడుతుంటే పంతులుగారు బద్ధకస్తుడంటారు. నిత్యం తగాదాలు, తాగుడు, అప్పులవాళ్ళ కేకలు ఉన్న ఇంట్లో పిల్లవాడు ముందున్న కంచంలోది కూడా తినలేడు. తల్లి కళ్ళనీళ్ళు చూస్తూ మింగుడుపడే ముద్ద ఉండదు.

ఏం చేయాలి?

బరువు తక్కువైన బిడ్డకు:

పసిబిడ్డ పొట్ట చిన్నది. నీళ్ళచారు అన్నంతో నింపితే పొట్ట నిండుతుందిగాని బలం రాదు. అన్నం, గట్టి పప్పు, ఒక చెంచా నూనె లేక నెయ్యి కలిపి మెత్తగా పెట్టండి. ఆ ఒక్క చెంచా నూనె సుమారు 40 కేలరీలు చేర్చుతుంది. రోజుకు మూడుసార్లు భోజనం, మధ్యలో రెండుసార్లు అరటిపండో, రాగి జావో, వేరుశనగ పొడి కలిపిన ముద్దో ఇవ్వండి. రెండేళ్ళ వరకు తల్లిపాలు మాన్పించవద్దు. గుడ్డు తినే ఇళ్ళలో రోజుకు ఒక గుడ్డు చాలు, ఏ డబ్బా పొడీ అవసరం లేదు. తోటకూర, మునగాకు, నువ్వులు, ఉలవలు, చిక్కీ మన పెరటి మందులు.

విరేచనాలప్పుడు తిండి ఆపవద్దు. ఓ.ఆర్.ఎస్., జింకు మాత్రలు ఉచితంగా దొరుకుతాయి. నులిపురుగుల మాత్ర బడిలో, అంగన్‌వాడీలో ఇచ్చే రోజున తప్పక వేయించండి. అంగన్‌వాడీలో ఇచ్చే పిండి, గుడ్లు బీదవాళ్ళకే అని నామోషీ పడవద్దు. అది మీ బిడ్డ హక్కు. ఇంటికి తెచ్చిన ఆ పిండిని ఇంటిల్లిపాదీ పంచుకుంటే మాత్రం బిడ్డకు చెంచాడే మిగులుతుంది. పాదాల మీద వేలితో నొక్కితే గుంట పడుతున్నా, బిడ్డ తిండి ముట్టకపోయినా, మగతగా ఉన్నా ఆలస్యం చేయకండి. పాదాల వాపును చూసి ఒళ్ళు వచ్చిందని మురిసిపోయే తల్లులున్నారు. అది తీవ్ర పోషణలోపానికి గుర్తు. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లోని పోషకాహార పునరావాస కేంద్రాల్లో తల్లిని, బిడ్డను ఉంచుకుని వైద్యం చేస్తారు.

బరువు ఎక్కువైన బిడ్డకు:

పస్తులు పెట్టవద్దు. పెరిగే వయసు కాబట్టి చాలామందికి బరువు తగ్గించనక్కరలేదు, పెరగకుండా నిలిపితే చాలు. ఎత్తు పెరిగేకొద్దీ ఒళ్ళు దానంతట అదే సర్దుకుంటుంది. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు ఉండేలా, అన్నం తగ్గి పప్పు పెరిగేలా చూడండి. ముఖ్యమైన సంగతి, ఈ మార్పు ఇంటిల్లిపాదికీ. తండ్రి మిర్చిబజ్జీలు తింటూ కొడుక్కి కీరాముక్కలు పెడితే అది శిక్షే అవుతుంది. శీతల పానీయాలు, చిప్స్ ఇంట్లోకి తేకండి. ఇంట్లో లేనిది బిడ్డ తినడు. నూనె మనిషికి నెలకు అరలీటరు మించకూడదు.

రోజుకు గంటసేపు చెమట పట్టేలా ఆట ఉండాలి. దీనికి ఖరీదైన క్లబ్బులక్కరలేదు. మేడమీద తాడాట, వీధిలో సైకిలు, సెలవురోజున ఊరి హైస్కూలు మైదానం చాలు. అపార్టుమెంటువాసులు కలిసి సెల్లారులో ఒక మూల పిల్లలకు వదిలితే ఇరవై ఇళ్ళకు వైద్యం చేసినట్టు. బడికి వెళ్ళే పిల్లలకు తొమ్మిది గంటలకు తగ్గకుండా నిద్ర కావాలి. భోజనం వేళ టీవీ, ఫోను కట్టేయండి. రెండేళ్ళలోపు బిడ్డకు ఫోను చూపిస్తూ తినిపించే అలవాటు అసలే వద్దు.

మెడ వెనుక నల్లగా, మందంగా మారితే అది మట్టి కాదు. సున్నిపిండితో ఎంత రుద్దినా పోదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి అది గుర్తు. రక్తపరీక్ష చేయించండి. నిద్రలో గురక, మోకాళ్ళ నొప్పి, ఆడపిల్లల్లో నెలసరి తప్పడం ఉన్నా డాక్టరుకు చూపించాలి.

తల్లులు తరచు అడిగే ప్రశ్నలు

ఆకలి పుట్టే టానిక్కు రాస్తారా?
అవసరం లేదు. అలాంటి కొన్ని సిరపుల్లో ఉండే మందు నిద్రమత్తును, తాత్కాలికమైన ఆకలిని ఇస్తుంది. ఆపగానే మళ్ళీ మామూలే. భోజనానికి ముందు బిస్కెట్లు, పాలు మాన్పించండి. ఆకలి దానంతట అదే వస్తుంది.

మా అమ్మాయి లావుకు థైరాయిడ్ కారణమా?
లావుగా ఉన్నా వయసుకు తగిన ఎత్తు పెరుగుతున్న పిల్లల్లో గ్రంథుల లోపం అరుదు. లావుగా ఉండి ఎత్తు ఆగిపోతే మాత్రం తప్పక పరీక్షించాలి.

పెద్దయితే అదే తగ్గిపోతుందంటారు, నిజమేనా?
యుక్తవయసులో ఊబకాయం ఉన్నవారిలో అత్యధికులకు పెద్దయ్యాక కూడా అది ఉంటుంది. ఎదురుచూడటం మంచిది కాదు.

ఇద్దరం ఉద్యోగం చేస్తాం, వండే తీరికేదీ?
తీరిక తల్లి ఒక్కతే వెతుక్కోవాలన్న నియమం లేదు. తండ్రి ఉదయం గుడ్లు ఉడికించవచ్చు, శనగలు నానవేయవచ్చు, సాయంత్రం పిల్లవాడితో అరగంట షటిల్ ఆడవచ్చు. నా అనుభవంలో తండ్రి కూడా పూనుకున్న ఇళ్ళలో పిల్లలు త్వరగా కోలుకుంటున్నారు.

చివరగా ఒక మాట

ఈ వారం మీ ఇంట్లో మూడు పనులు చేయండి. పిల్లల ఎత్తు, బరువు కొలిచి తేదీతో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. బొండాం, పుల్ల, బండ వంటి పేర్లేమైనా వాడుకలో ఉంటే ఇవాళ్టి నుంచి ఇంట్లో నిషేధించండి. వచ్చే చుట్టాలకూ ఆ సంగతి మెల్లగా చెప్పండి. రోజుకు ఒక పూటైనా అందరూ కలిసి, కోపతాపాలు పక్కన పెట్టి భోంచేయండి. మూడు నెలల తరువాత మళ్ళీ కొలవండి. గీత సరైన దారిలో లేకపోతే దగ్గరి ఆసుపత్రికి రండి. వచ్చేటప్పుడు ఆ నోటుపుస్తకం, వీలైతే బిడ్డ తండ్రినీ వెంట తెచ్చుకోండి. బిడ్డ బరువు సంగతి అందరం కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం.